మొక్కజొన్న కోళ్ళకి, మరి మన కంచానికి?

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తెనాలి, రేపల్లె వైపు కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. అయినా "వాతావరణానికీ మన తిండికీ ఏం సంబంధమండీ?" అంటున్నారు కొందరు. ఉందండీ.

మన మాగాణుల్లో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు మినుము చల్లేవాళ్ళం. దుక్కి లేదు, తడి లేదు. నేలలో మిగిలిన పదునుకీ, మంచుకీ పండేది. నత్రజని వేరు బుడిపెల్లోనే తయారయ్యేది. పల్లాకు తెగులు, బంగారు తీగ దెబ్బకి చాలామంది దున్నకుండా మొక్కజొన్న పెట్టడం మొదలెట్టారు. రైతుని తప్పుపట్టను, మిగిలేదాన్నే వేస్తాడు. కానీ ఆ గింజల్లో ఎక్కువ భాగం కోళ్ళ మేతకే పోతోంది. దానికి కుమ్మరించే యూరియా నుంచి లేచే నైట్రస్ ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడి పుట్టిస్తుంది.

"మాంసం మానండి" అని ఏసీ గదుల్లోంచి చెప్పే పెద్దలూ, ఆ మాట గడ్డి మేసే ఒక్క గేదెతో ఇల్లు నడిపే కూలి మనిషికి చెప్పకండి. నిజాంపట్నంలో వల వేసేవాడికీ చెప్పకండి. మీథేన్ గేదే వదులుతుంది, నీళ్ళు నిలిచిన వరి చేనూ వదులుతుంది. అన్నం మానేస్తామా?

వారానికి నాలుగు రోజులు బ్రాయిలర్ తినేవాళ్ళు రెండు రోజులు తగ్గించండి. ఆ రోజుల్లో పప్పు, గారె, సున్నుండ తినండి. పల్లాకుని తట్టుకునే రకాలు లాం పరిశోధనా కేంద్రం ఎప్పుడో ఇచ్చింది. ఆ విత్తనం కోతలకి ముందే అందాలి, మినుముని కల్లం దగ్గరే మద్దతు ధరకి కొనాలి. అప్పుడు చూడండి, ఎవడు చల్లడో!