పాత మోటెల్లో బస – షుగరు వారికి

"డాక్టరుగారూ, అమెరికాలో మా అబ్బాయి రూట్ 66 మీద కారులో తిప్పుతానంటున్నాడు. నేను ఇన్సులిన్ మీద ఉన్నాను. వెళ్ళవచ్చునా?" అని అడుగుతుంటారు. నిక్షేపంగా వెళ్ళండి. చికాగో నుంచి లాస్ ఏంజిలిస్‌కు 1926లో ఏర్పడిన ఆ రహదారికి 1985లో అధికారికంగా నంబరు తీసేశారు గాని, దాని పక్కనున్న పాత మోటెళ్ళు కొన్ని ఇంకా నడుస్తున్నాయి. కారు గది గుమ్మం ముందే ఆపుకోవచ్చు. హోల్‌బ్రుక్ ఊళ్ళో అయితే కాంక్రీటు గుడారాల్లోనే పడక. చూడదగ్గదే.

చిక్కల్లా రాత్రి భోజనం దగ్గర వస్తుంది. దారిలోని చిన్న ఊళ్ళలో హోటళ్ళు పెందలాడే మూసేస్తారు. మన బస్టాండు దగ్గరిలా రాత్రి పదకొండింటికి ఇడ్లీబండి ఉండదు. "అరగంటలో చేరతాం కదా" అని భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ కారులోనే వేసుకున్నారనుకోండి, తీరా వెళ్ళేసరికి తినడానికేమీ దొరక్కపోతే షుగరు పడిపోతుంది. భోజనం కళ్ళ ముందుకు వచ్చాకే సూది వేసుకోండి. రోజుకొకసారి వేసుకునే ఇన్సులిన్ సంగతి వేరు, దాని వేళ తప్పించకండి.

చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు కనబడితే షుగరు చూడండి. 70కి తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, 911కి ఫోను చేయండి. కాబట్టి అమ్మగారికి మోటెల్ పేరు, గది నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి. అబ్బాయి పక్కగదిలోనే ఉన్నాడు గదా అనుకోకండి, గాఢనిద్రలో ఉండవచ్చు.

ఎడారి ఎండలో మూసి ఉంచిన కారులో ఇన్సులిన్ వదిలితే పాడవుతుంది. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఐసు అరకు ఆనించినా అంతే. ఒకసారి గడ్డకట్టినది, కరిగాక చూపుకు బాగానే ఉన్నా, పారేయవలసిందే.

చలికాలంలో పాత గ్యాసు హీటరున్న గదిలో ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే ప్రయాణపు బడలిక అనుకోవద్దు. విషవాయువు కావచ్చు. వెంటనే బయటి గాలిలోకి వచ్చి 911ని పిలవండి.

ఇక నల్లులంటారా, పరుపు అంచు ఎత్తి చూడండి. అవి రోగాలు అంటించవు, నిద్రే చెడగొడతాయి. కనబడితే మాత్రం గది మార్చమని మొహమాటపడకుండా అడగండి.