కంప్యూటర్ కబుర్లు: ఈ ఫైలు ఎవరిది?

కార్యాలయంలో ఒక ఫైలు ఒక బల్ల నుండి మరొక బల్లకు వెళ్ళాలంటే మూవ్‌మెంట్ రిజిస్టరులో నమోదు కావాలి, పుచ్చుకున్నవారు సంతకం చేయాలి. దానిని ఎవరు చదవవచ్చు, ఎవరు నోట్ వ్రాయవచ్చు అన్నది హోదాను బట్టి నిర్ణయమై ఉంటుంది. కంప్యూటర్‌లోని ఫైలుకు కూడా ఇటువంటి కట్టుబాటే ఉన్నది. అయితే అక్కడ సంతకం స్థానంలో ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను గమనించకపోతే కలిగే చిక్కులను గురించి ఈ నెల ముచ్చటించుకుందాం.

అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు రూపొందించిన యూనిక్స్‌కు తొలి మాన్యువల్ 1971 నవంబరులో వెలువడింది. యజమానిని మార్చే 'సీహెచ్‌ఓన్', అనుమతులను మార్చే 'సీహెచ్‌మోడ్' ఆదేశాలు అందులోనే ఉన్నాయి. నేటి లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, మ్యాక్‌ఓఎస్ ఆ సంప్రదాయాన్నే పాటిస్తున్నాయి. ప్రతి ఫైలుకు ఒక యజమాని, ఒక బృందం ఉంటారు, తక్కినవారు ఇతరులు. చదవడానికి 4, వ్రాయడానికి 2, అమలు చేయడానికి 1 చొప్పున లెక్క. 640 అంటే యజమాని చదవవచ్చు, వ్రాయవచ్చు, బృందం చదవవచ్చు, ఇతరులకు ప్రవేశం లేదు. ఇంతవరకు అన్ని వ్యవస్థలలోను ఒకటే పద్ధతి.

చిక్కు యజమాని గుర్తింపులో ఉన్నది. ఫైలుతో పాటు నమోదయ్యేది యజమాని పేరు కాదు, సంఖ్య. తెరపై కనిపించే పేరు, ఆ కంప్యూటర్ తన పట్టికలో ఆ సంఖ్యకు ఎదురుగా చూసి చెప్పేది మాత్రమే. ఇది మన టోకెన్ నంబరు వంటిది. ఒక యూనిట్‌లో ఒకరికి ఉన్న నంబరు మరొక యూనిట్‌లో వేరొకరిది కావచ్చు. మ్యాక్‌లో మొదటి వినియోగదారుకు 501, డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో 1000, ఫ్రీబీఎస్‌డీలో సాధారణంగా 1001 లభిస్తుంది. బృందాల విషయమూ అంతే. మ్యాక్‌లో 20వ సంఖ్య 'స్టాఫ్' బృందానిది. డెబియన్‌లో అదే సంఖ్య మోడెమ్ వాడేవారి 'డయలౌట్' బృందానిది. సంఖ్యలను యథాతథంగా ఉంచి ఫైళ్ళను తరలిస్తే, అవి ఎవరికీ చెందనివిగానో, సంబంధం లేనివారివిగానో కనిపిస్తాయి.

నియమాలలోనూ తేడాలున్నాయి. సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌లో యజమాని తన ఫైలును తానే మరొకరి పరం చేయగలిగేవాడు. బర్క్‌లీ శాఖలో ఆ అధికారం 'రూట్' అనే సర్వాధికారికే పరిమితమైంది. డిస్కులో ప్రతివారికి ఇంత చోటు అని కోటా విధించినప్పుడు, తన బరువును ఇతరుల ఖాతాలో వేసే వీలు లేకుండా ఈ కట్టడి ఉపకరిస్తుంది. లినక్స్, మ్యాక్‌ఓఎస్ కూడా ఈ మార్గాన్నే అనుసరిస్తున్నాయి.

ఇక అన్నిటికంటె గంభీరమైన విషయం. ఒక ఉద్యోగి పదవీ విరమణ చేశాక ఆయన ఖాతాను తొలగించి, అదే సంఖ్యను కొత్తగా చేరినవారికి ఇచ్చారనుకుందాం. పాత ఫైళ్ళు డిస్కులో మిగిలి ఉంటే, భవిష్య నిధి లెక్కలైనా, రహస్య నివేదికలైనా, ఎవరి ఉత్తర్వూ లేకుండానే కొత్తవారి సొత్తు అవుతాయి. కంప్యూటర్ దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు. కనుక అది హెచ్చరించదు.

కావున సంఖ్యలను తిరిగి కేటాయించరాదు. ఖాతాను తొలగించే ముందే 'ఫైండ్' ఆదేశంతో ఆ సంఖ్య గల ఫైళ్ళన్నిటినీ వెదికి, బాధ్యులకు అప్పగించాలి. అనేక యంత్రాలు ఉన్నచోట ఒక వ్యక్తికి అన్నిటా ఒకే సంఖ్య ఉండేటట్లు కేంద్రీకృత పట్టిక నిర్వహించడం ఉత్తమం.

ఇళ్ళలో పాత కంప్యూటర్ నుండి కొత్తదానికి ఫోటోలు, సర్టిఫికెట్లు మార్చుకునేవారికీ ఈ సంగతి ఉపయోగిస్తుంది. అనుమతి లేదన్న సందేశం రాగానే చాలామంది 777 ఇచ్చివేస్తారు. అది తాళం పోయిందని తలుపులు ఊడదీయడం వంటిది. ఆ యంత్రంలో ఖాతా ఉన్న ప్రతివారూ ఆ ఫైళ్ళను మార్చవచ్చు. సంఖ్యల పొరపాటు మాత్రం అలాగే ఉంటుంది. ముందు 'ఐడీ' ఆదేశంతో మన సంఖ్యను, 'ఎల్‌ఎస్ -ఎల్‌ఎన్'తో ఫైలు మీది సంఖ్యను పోల్చి చూడాలి. తేడా ఉంటే ఆ ఫోల్డరు వరకే 'సీహెచ్‌ఓన్' చేయాలి. డిస్కు మొత్తానికి ఆ ఆదేశం ఇస్తే వ్యవస్థ మొరాయించే ప్రమాదమున్నది.

వచ్చే నెల, పలువురు కలిసి పనిచేసే ఫోల్డరుకు బృందాన్ని ఏర్పరచే విధానం చూద్దాం.