ఇంగ్లీషు ఎవరు నేర్పాలి? రాఫెల్స్ ప్లేస్ నుంచి ఒక ఆలోచన

రాఫెల్స్ ప్లేస్‌లో పనిచేసే మనవాళ్ళకి మధ్యాహ్నం పన్నెండున్నరకి లావ్ పా సాత్‌లో కుర్చీ దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అందుకే నేను గురువారాలు కాస్త ముందే వెళ్ళి ఒక టేబుల్ పట్టుకుంటాను. మా భవనంలోనే ఉన్న ఒక జపాన్ కంపెనీకి ఇంటర్న్‌షిప్ మీద వచ్చిన ముగ్గురు యూనివర్సిటీ విద్యార్థులు, ఇద్దరబ్బాయిలూ ఒకమ్మాయీ, అక్కడికి వస్తారు. గంటసేపు ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకోవాలి, అంతే. ఫీజు లేదు, టీ డబ్బులు వంతులవారీగా.

మొదటి రెండు వారాలు బాగా ఇబ్బంది పడ్డాను. "ఆదివారం ఏం చేశారు?" అని అడిగితే జవాబుండదు. తెలియక కాదు. వాక్యమంతా మనసులో కట్టుకుని, తప్పు లేదని తేల్చుకున్నాకే నోరు విప్పుతారు. ఈలోగా నేను ఆగలేక ఇంకో ప్రశ్న వేస్తాను, వాళ్ళు మళ్ళీ మొదటికొస్తారు. తెలుగువాడికి మౌనం భరించడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు!

తప్పు పిల్లలది కాదు. జపాన్‌లో ఇంగ్లీషంటే ముఖ్యంగా ప్రవేశపరీక్ష సబ్జెక్టు. చదవడం, వినడం చూస్తారు, మాట్లాడటం చూడరు. ఇది మార్చాలని, మాట్లాడే భాగం కూడా ఉన్న ప్రైవేటు పరీక్షలను యూనివర్సిటీ ప్రవేశాలకి వాడాలనుకున్నారు. ఆ ఫీజులు, పరీక్షాకేంద్రాల దూరం పేదపిల్లలకీ పల్లెటూరి పిల్లలకీ అన్యాయం చేస్తాయని గొడవ రేగడంతో 2019 నవంబరులో వాయిదా వేసి, 2021 జూలైలో పూర్తిగా మానుకున్నారు. 2020 నుంచి ప్రాథమిక పాఠశాల 5, 6 తరగతుల్లో ఇంగ్లీషు సబ్జెక్టయింది. కానీ చివరి పరీక్ష అడగనిదాన్ని మధ్యలో ఎవరు సాధన చేస్తారు? ఎంసెట్ చదువులు చదివిన మనకి ఈ సంగతి ఒకరు చెప్పాలా?

మాట్లాడించే పనిని మాత్రం జపాన్ చాలావరకు విదేశీయులకి అప్పగించింది. 1987లో మొదలైన జెట్ పథకం తొలి ఏడాది అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి 848 మందిని తీసుకొచ్చింది. తర్వాత దేశాలు పెరిగాయిగానీ, ఇంగ్లీషు ఆ నాలుగు దేశాలవాళ్ళ సొంత సొత్తన్న అభిప్రాయం పోలేదు. ఆ అభిప్రాయం జపాన్‌లోనే ఉందనుకోకండి. పర్మనెంట్ రెసిడెంట్ అయ్యాక శనివారాలు సంభాషణ క్లాసులు చెబుదామని ఇక్కడే ఒక శిక్షణ సంస్థకి దరఖాస్తు పెట్టాను. ఫోనులో పది నిమిషాలు చక్కగా మాట్లాడి, చివర్లో "మాకు నేటివ్ స్పీకరే కావాలండీ" అన్నారు. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియం, ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషులోనే ఉద్యోగం. అయినా సరిపోలేదు.

ఈ గురువారాల తర్వాత నాకు అనిపిస్తోంది, వాళ్ళు పోగొట్టుకున్నది తక్కువేం కాదని. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్, గ్లాస్ మన నోట బస్సు, గ్లాసు అయ్యాయి. జపాన్‌వాళ్ళకి అవి బసు, గురాసు. వాక్యంలో క్రియ మనకీ చివరే, వాళ్ళకీ చివరే. "నేను అన్నం తింటాను" అంటే "వతాషి వా గోహన్ ఓ తబేరు". అదే వరస! ఆ క్రియని ముందుకు లాగాల్సినచోట, 'ఎ', 'ది' పెట్టాల్సినచోట ఆ అమ్మాయి ఎందుకాగిందో నాకు తెలుసు, ఒకప్పుడు నేనూ అక్కడే ఆగాను కనుక. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవారికి ఆ గతుకు తేలిగ్గా కనబడదు. అలాగని నా ఉచ్చారణ నేర్చుకోమనను. 'వి', 'డబ్ల్యు' నాకిప్పటికీ కలిసిపోతాయి.

నిజానికి విదేశీయులకి ఇంగ్లీషు నేర్పడం మన హైదరాబాదుకి కొత్తకాదు. 1958లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ 2007లో ఇఫ్లూ అయింది. భారత ప్రభుత్వ ఐటెక్ పథకం కింద ఎన్నో దేశాల ఉద్యోగులు అక్కడికొచ్చి నేర్చుకెళ్ళారు. ఇంత అనుభవం ఇంట్లో ఉండగా, 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల టోఫెల్ కోసం అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుంది. మళ్ళీ పరీక్షే! తర్వాత ప్రభుత్వం మారింది. రోజూ పది నిమిషాలు పిల్లలతో ఇంగ్లీషులో కబుర్లు చెప్పగల టీచరు ఎక్కడినుంచి వస్తాడన్న ప్రశ్న అలాగే ఉంది.

మూడోవారం నుంచి పద్ధతి మార్చాను. ఆఫీసులో ఆ వారం నేను చేసిన ఇంగ్లీషు తప్పు ముందు నేనే చెబుతాను, తర్వాత వాళ్ళు ఒక్కొక్కటి చెప్పాలి. మొన్న ఆ అమ్మాయి కౌంటర్ దగ్గర "టేకవే, కెన్?" అని అడిగితే అంకుల్ "కెన్ లా" అన్నాడట. "ఇది ఇంగ్లీషేనా?" అని నన్ను నిలదీసింది. ఈ సింగ్లిష్ బాధ పడలేకే ఇక్కడి ప్రభుత్వం 2000లో 'మంచి ఇంగ్లీషు మాట్లాడండి' ఉద్యమం పెట్టిందని చెప్పాను. అంకుల్‌కి అర్థమైంది కదా, ఇంకేం కావాలని ఒకడు, అలా రాస్తే మార్కులు రావని ఇంకొకడు, ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టారు. ఆ రోజు మీటింగుకి నేను పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను.