'యగ్గు' అంటే నవ్వెందుకు?

మా చెల్లెలి కూతురు కడపలో డిగ్రీ ముగించి, ఉద్యోగం కోసమని ఒక కోచింగ్ సెంటరులో చేరింది. నెల తిరక్కుండానే ఇంగ్లీషులో మాట్లాడ్డం మానేసింది. "ఏమే, ఫీజు కట్టింది మాట్లాడేందుకా, మూగనోము పట్టేందుకా?" అన్నాను.

"నేను నోరు తెరిస్తే చాలు పెద్దమ్మా, అందరూ నవ్వుతారు. ఎగ్గును యగ్గు అంటానంట, ఓన్లీని వోన్లీ అంటానంట. సీమ నాలుక తిరగదంట!" అని కండ్లనీళ్లు పెట్టుకుంది.

నాకు ఒళ్లు మండింది. సీమ నాలుకకేమొచ్చింది? 'ఎ' ముందు చిన్న 'య', 'ఒ' ముందు చిన్న 'వ' దొర్లడం తెలుగు నోటి అలవాటు. 'ఎవరు'ను 'యెవరు' అనేవాళ్లు కర్నూల్లోనే కాదు, గుంటూరులోనూ ఉన్నారు. మరి నవ్వు మాత్రం మన వాటాకేనా?

పోనీ, ఇంగ్లీషువాళ్లంతా ఒకేలా పలుకుతారా? స్కాట్లండువారి 'ర' వేరు, లండనువారి 'ర' వేరు. అమెరికావారి సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్లది యాస, మనది జబ్బూనా?

అలాగని ఎట్లా పలికినా చెల్లుతుందని నేననను. ఎదుటివారికి అర్థం కాని చోట దిద్దుకోవలసిందే. మనం అక్షరాలన్నిటినీ ఇంచుమించు ఒకే తూకంతో పలుకుతాం. ఇంగ్లీషులో ఒకచోట ఊనిక పడాలి. 'ఫొటోగ్రాఫ్'లో అది మొదట పడితే, 'ఫొటోగ్రాఫర్'లో రెండోచోట పడుతుంది. అది తారుమారైతే వినేవాడు తికమకపడతాడు. ఇక మనకున్నది ఒకే 'వ', వాళ్లకు రెండు. పైపండ్లు కింది పెదవికి తగిలిస్తే 'వెస్ట్' అంటే బనియను. పెదవులు గుండ్రంగా చుడితే పడమర. అద్దం ముందు నాలుగు రోజులు నిలబడితే వచ్చే విద్యే ఇది.

'జూ' అనడం రాదంటారా? 'జీతం'లో జ వేరు, 'జడ'లో జ వేరు కదా! ఆ జడలోని 'జ'ను, నాలుక కొన అంటుకోకుండా, తుమ్మెద రొదలా సాగదీసి చూడండి. దగ్గరదగ్గరగా అదే. ఈ రెండు 'జ'ల తేడాను 1852లో అచ్చయిన తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో గుర్తు పెట్టి మరీ చూపించినాయన సి.పి. బ్రౌను. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన దొర. ఎక్కణ్ణుంచో వచ్చినాయన మన పలుకును చెవి ఒగ్గి విని రాసుకుంటే, మనవాళ్లు మన పిల్లల పలుకు విని పకపకలాడుతున్నారు!

కోచింగ్ సెంటర్లనే ఎందుకనాలి? చుట్టాలొస్తే "ఇంగ్లీషులో మాట్లాడి చూపించవే" అని పిల్లను నిలబెట్టేదీ మనమే, మాట తడబడితే ముందు నవ్వేదీ మనమే. ఇంతాచేసి, "ఎట్లుండావు" అంటే హైదరాబాదులో నవ్వుతారని పిల్ల తెలుగునూ దాచుకుంటోంది. రెండు భాషలూ పోగొట్టుకున్న పిల్ల ఇంటర్వ్యూలో ఏ భాషలో జవాబు చెప్పాలమ్మా?

దిద్దడం వేరు, నవ్వడం వేరు. దిద్దితే తప్పు పోతుంది. నవ్వితే తప్పు అక్కడే ఉంటుంది, మాట పోతుంది.

ఆ సెంటరు మాన్పించాను. రోజూ సాయంత్రం అద్దం ముందు ఇద్దరం కూర్చుంటున్నాం. ఇప్పుడు పిల్ల నోట బనియను వేరు, పడమర వేరు. 'యగ్గు' మాత్రం యగ్గే. ఉండనీండి, వినేవాళ్లెవరూ దాన్ని వంకాయ అనుకోవడం లేదు కదా!