ఇంటిగుట్టు

ఇంటి సంగతు లింటిలోనే యుండవలెనని మనవారు తఱచుగా బోధింతురు. ఎవరి సంగతులు? ఎవరి యింటిలో? మగవాని పరువునకు గుట్టనియు, ఆడుదాని గాయమునకు సహనమనియు పేరిడి మనము సుఖముగా కాలము గడుపుచున్నాము. దీపా ధనరాజ్ అను డాక్యుమెంటరీ దర్శకురాలు 1980 నుండియు ఈ గుట్టునే ప్రశ్నించుచు వచ్చిరి. ఆమెను గూర్చి మన గృహములలో నెందఱికి తెలియును? వెండితెర నాయకుని పెండ్లిబట్టల రంగు మాత్రము మనకు కంఠస్థము!

ఆ సంవత్సరమున ఆభా భయ్యా, మీరా రావు, నవ్‌రోజ్ కాంట్రాక్టరులతో కూడి ఆమె బెంగుళూరున 'యుగాంతర్' అను చలనచిత్ర సంఘమును స్థాపించిరి. పూనాలో పరుల యిండ్ల పాచిపని చేయు స్త్రీలను గూర్చియు, నిప్పాణి పొగాకు కార్ఖానాల కూలిస్త్రీలను గూర్చియు మొదట చిత్రములు తీసిరి. 1983లో హైదరాబాదునందలి స్త్రీశక్తి సంఘటనతో కలిసి తెలుగున 'ఇది కథ మాత్రమేనా?' అను 26 నిమిషముల చిత్రము నిర్మించిరి. కాపురములో హింసకు గుఱియైన స్త్రీ కథ అది. స్త్రీలు తమలో తాము చర్చించుకొని కూర్చినది.

నటించి తీసినది గావున నిది డాక్యుమెంటరీ కాదని కొందఱాక్షేపింపవచ్చును. సరే, కాదనియే యనుకొందము. భార్యను కొట్టుచున్న భర్త, కెమెరాను లోనికి రానిచ్చి, కొంచెము వెలుతురుండవలెనని దీపము కూడ పెట్టునా? తలుపు మూసినచోట జరుగుదానిని చూపుటకు నటన గాక వేఱుదారి యేది?

1991లో వెలువడిన 'సంథింగ్ లైక్ ఎ వార్' ఇంతకంటె కఠినమైనది. కుటుంబనియంత్రణ శిబిరమున వైద్యుడు తన చేతివేగమును చెప్పుకొని మురియుచుండును. బల్లపై స్త్రీ బాధపడుచుండును. మఱియొక వంక గ్రామీణ స్త్రీలు గుమిగూడి తమ దేహములను గూర్చి, కోరికలను గూర్చి, కనిన బిడ్డలను గూర్చి తామే మాటలాడుదురు. ఆ మాటలు విన్నవారు శిబిరమును మునుపటి కన్నులతో చూడజాలరు.

"జనసంఖ్య తగ్గవలదా?" యని ప్రశ్నింతురు. సంతాననియమమునకు మేము విరోధులము గాము. అయితే 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15-49 ఏండ్ల వివాహితలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారు. భర్తలకు జరిగిన ఆపరేషనుల లెక్క నూటికి ఒక్కటియు లేదు. దేశసేవ యంతయు భార్యవంతు, ఉపన్యాసము భర్తవంతునా?

హైదరాబాదు మతకల్లోలములను గూర్చి 1986లోను, రోహిత్ వేముల మరణానంతర విద్యార్థి యుద్యమమును గూర్చి 2018లోను ఆమె తీసిన చిత్రములకు వేఱుగ వ్యాసము కావలెను.

మహిళాసమాజములవారు ఈ చిత్రములను తెప్పించి ప్రదర్శింపవలెను. స్త్రీలకు మాత్రమే యని తలుపులు మూయవలదు. మగవారిని పిలిచి ముందు వరుసలో కూర్చుండబెట్టుడు.