గండిపేట గేటు కాడ మనమెందుకు నిలబడ్డం?

ఆదివారం పొద్దుగాల ఆరు గంటలకు గండిపేట తొవ్వల నిలబడి సూడున్రి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కోకాపేట దిక్కెల్లి సైకిళ్లు, బైకులు, కార్లు వస్తనే ఉంటయి. ఉరికేటోళ్లు, కెమెరాలు పట్టుకున్నోళ్లు, చిన్న పిల్లల్ని ఎత్తుకొచ్చినోళ్లు. రోడ్డు పక్కన ఊరోళ్లు బొగ్గుల మీద కంకులు కాలుస్తుంటరు, చాయ్ పోస్తుంటరు. 2022ల చెరువు ఒడ్డున పార్కు తెరిచిన్రు. 2023ల నానక్‌రాంగూడ, నార్సింగి కాడ ఔటర్ రింగ్ రోడ్డు పొంటి సోలార్ కప్పుతోని 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది.

ఐదు దినాలు ఏసీ రూముల కూసున్న పిల్లలు చెరువు గాలికి వస్తే నేను తప్పు పట్ట. వాళ్లల్ల మన ఊర్లకెల్లి పోయినోళ్లు గూడ ఉన్నరు. నా ప్రశ్న వేరే. ఊరు ఇంతమందికి గేటు అయింది గదా, మరి గా చెరువు మీద ఊరికి ఉన్న మాట ఎంత?

ముందుగాల ఈ చెరువు ఎందుకొచ్చిందో సూడాలె. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ల వేలమంది సచ్చిపోయిన్రు. మల్ల గట్ల కావద్దని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద పైన రెండు జలాశయాలు కట్టిన్రు. 1920ల ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట. 1927ల హిమాయత్‌సాగర్. వరద ఆపుడు, పట్నానికి తాగునీళ్లు ఇచ్చుడు, రెండూ వాటి పనే. గండిపేట నీళ్లు తాగినోడు పట్నం ఇడిసిపోడని పెద్దోళ్లు ఊకెనే అనలే.

1996ల జీవో 111 వచ్చింది. చెరువుల చుట్టు పది కిలోమీటర్ల దాక, 84 ఊర్లల్ల, ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నరు. మంచి జీవోనే. అయితే దాని ఖర్చు ఎవరు భరించిన్రు? పట్నం నీళ్లు తాగింది, ఊరోడు కావలి కాసిండు. బిడ్డ పెండ్లికి, దవాఖానకు భూమి అమ్మవోతే ధర రాలే. సగం ధరకే ఎప్పుడో అమ్ముకున్నోళ్లు ఎందరో.

2022 ఏప్రిల్‌ల జీవో 69 గా ఆంక్షలు ఎత్తేసింది. నీళ్లు చెడిపోవద్దని షరతులైతే పెట్టిన్రు. సర్కారు చెప్పిన కారణం ఏందంటే, పట్నం తాగే నీళ్లల్ల ఈ రెండు చెరువుల వాటా 1.25 శాతమేనట. 2023 ఆగస్టుల పక్కనున్న కోకాపేటల సర్కారు వేలంల ఎకరం వంద కోట్లు దాటింది. గా పైసలు ఏ రైతు ఇంటికి పోలే.

ఈడనే నాకు గట్టి అభ్యంతరం ఉన్నది. తాగుతలేమంటే చెరువు పని అయిపోయినట్టా? 2025 సెప్టెంబర్‌ల జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లకు నీళ్లొచ్చినయి. చుట్టు పొలాలన్నీ సిమెంటు అయితే వాన ఇంకది, ఒక్కసారే ఉరికొస్తది. 1908ల దేనికి భయపడి కట్టిన్రో, గా భయం ఇంకా పోలే.

హైటెక్ సిటీ నడుమ దుర్గం చెరువు సూడున్రి. కుతుబ్‌షాహీల కాలంల గోల్కొండకు తాగునీళ్లు ఇచ్చిన చెరువు అది. 2020ల కేబుల్ బ్రిడ్జి వచ్చింది, రాత్రి లైట్లు, సెల్ఫీలు. కానీ చుట్టూ లేచిన బిల్డింగుల మురుగు దానిలకే మళ్లింది. పైన ఎంత మెరిసినా, ఒకప్పుడు తాగిన నీళ్లల్ల ఇయ్యాల చెయ్యి గూడ పెట్టలేం. గండిపేటకు గదే గతి పడితే సైకిల్ తొక్కెటోడు ఇంకో చెరువు ఎతుక్కుంటడు. ఊరోడు ఏడికి పోతడు?

“టూరిజం వస్తే నౌకరీలు వస్తయి గదన్నా” అంటరు మీరు. వస్తయి. కానీ ఎసొంటియి? బోటింగ్, పార్కింగ్, క్యాంటీన్ టెండర్లు పట్నపోళ్లకు పోతే మనకు మిగిలేది వాచ్‌మెన్ విజిల్, చీపురుకట్ట. మన చెరువు కాడ మనమే నౌకర్లమైతం.

వికారాబాద్ కోటిపల్లి, ములుగు లక్నవరం, కొల్లాపూర్ సోమశిల దిక్కు మీరున్నరు. వీకెండ్ బండ్లు మీ తొవ్వ పట్టినయి. బంజేయమని నేను చెప్పను. మూడు మాటలు మాత్రం అడుగున్రి. బోట్లు, దుకాణాలు, పార్కింగ్ ముందుగాల ఊరి మత్స్యకార సంఘాలకు, మహిళా సంఘాలకు ఇయ్యాలె. టికెట్ పైసలల్ల వాటా ఊరి మోరీలకు, చెత్త ఎత్తుడుకు రావాలె. చెరువు నిండితే నీళ్లు ఏడిదాక వస్తయో అక్కడ అందరికి కనపడేటట్టు రాళ్లు పాతాలె, దానిలోపల ఎవ్వడు కట్టినా ఒక్కటే రూలు ఉండాలె.

పట్నంల కలిసిన ఊర్లకు గ్రామసభ లేదు, అడిగే జాగ పోయింది. మీకు ఇంకా ఉన్నది. వచ్చే గ్రామసభకు చెరువు మ్యాపు పట్టుకొని పోన్రి, ఈ మూడు మాటలు తీర్మానం రాయించున్రి.