ఇంటి కెమెరా వీడియో ఎక్కడికి పోతోంది? స్మార్ట్ హోమ్‌కి కలిపే ముందు చూసుకోవాల్సినవి ఇవే

పండక్కి ఇంటికి తాళం వేసి ఊరెళ్లేవాళ్లకైనా, అమెరికాలో ఉంటూ ఇక్కడ ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల బాగోగులు చూసుకునేవాళ్లకైనా ఇప్పుడు మొదట గుర్తొచ్చేది వైఫై కెమెరానే. రెండు మూడు వేలు పెడితే ఆన్‌లైన్‌లో దొరికేస్తోంది. యాప్ వేసుకుని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. చాలామంది అక్కడితో ఆగడం లేదు. గేటు దగ్గరికి ఎవరైనా వస్తే వరండాలో లైటు దానంతటదే వెలగాలి, హాల్లో అలెక్సా తెర మీద వచ్చినవాళ్ల ముఖం కనిపించాలి, తలుపు తాళం ఫోన్ నుంచే తీయగలగాలి.. ఇలా కెమెరాను ఇంట్లో ఉన్న మిగతా స్మార్ట్ సామాన్లన్నింటితో కలిపేస్తున్నారు.

ప్రకటనలు మాత్రం ఇంకా మెగాపిక్సెళ్ల చుట్టూనే తిరుగుతున్నాయి. 2కే, 4కే, రాత్రిపూట కలర్, 360 డిగ్రీలు.. ఇవన్నీ బాక్సు మీద పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వీడియో ఇంట్లోనే ఉంటుందా, కంపెనీ సర్వర్‌కి వెళ్తుందా, అక్కడి నుంచి ఇంకెవరి సర్వర్ మీదుగా అలెక్సా తెర మీదికి వస్తుందన్నది మాత్రం ఏ బాక్సు మీదా ఉండదు. స్మార్ట్ హోమ్‌తో కలిపే కెమెరా విషయంలో మొదట అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే.

హ్యాకర్ లేకుండానే పరాయి ఇంటి బొమ్మలు

2020 జనవరిలో నెదర్లాండ్స్‌లో జరిగిందిది. ఒక వ్యక్తి తన షావోమీ కెమెరాను గూగుల్ నెస్ట్ హబ్‌కి కలుపుకున్నాడు. తన ఇంటి వీడియో చూపించమని అడిగితే తెర మీద వేరేవాళ్ల ఇళ్లలోని ఫొటోలు ప్రత్యక్షమయ్యాయి. వాటిలో నిద్రపోతున్న మనుషులు, ఉయ్యాల్లో పసిబిడ్డ కూడా ఉన్నారు. విషయం బయటకు రాగానే గూగుల్ తన ప్లాట్‌ఫామ్ మీద షావోమీ పరికరాల లింకును మొత్తం ఆపేసింది. 2019 డిసెంబర్ 26న చేసిన ఒక క్యాష్ అప్‌డేట్ వల్ల ఇలా జరిగిందని షావోమీ తర్వాత వివరణ ఇచ్చింది. ఇలా కలుపుకున్న యూజర్లు 1,044 మంది ఉన్నారని, నెట్ బలహీనంగా ఉన్న కొద్దిమందికే సమస్య ఎదురై ఉండొచ్చని చెప్పింది.

నాలుగేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరిలో అమెరికాలో వైజ్ కెమెరాల విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. క్లౌడ్ సర్వీసు కాసేపు ఆగిపోయి మళ్లీ మొదలైనప్పుడు కెమెరాలన్నీ ఒక్కసారిగా ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. ఆ రద్దీలో దాదాపు 13,000 మందికి తమది కాని కెమెరాల చిన్న బొమ్మలు యాప్‌లో కనిపించాయి. వాళ్లలో 1,504 మంది వాటిని నొక్కి చూశారని కంపెనీయే చెప్పింది. అమెరికాలో తక్కువ ధర కెమెరా అంటే ముందు వినిపించే పేర్లలో వైజ్ ఒకటి కాబట్టి, అక్కడి తెలుగువాళ్లు కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఈ రెండు సంఘటనల్లోనూ ఎవరూ హ్యాక్ చేయలేదు, ఎవరి పాస్‌వర్డూ పోలేదు. మధ్యలో ఉన్న సర్వర్ ఎవరి బొమ్మ ఎవరికి పంపాలో తికమకపడింది, అంతే. కెమెరా నుంచి ఇంట్లో ఉన్న తెర మీదికి వీడియో రావడానికి ఎన్ని చేతులు మారితే ఇలాంటి తికమకకు అన్ని అవకాశాలు ఉంటాయి.

మనుషుల చేతులు కూడా ఉంటాయి. అమెజాన్‌కి చెందిన రింగ్ సంస్థలో ఉద్యోగులు, కాంట్రాక్టర్లు కస్టమర్ల ప్రైవేటు వీడియోలు చూసే వీలుండేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023 మేలో ఆ కేసును 58 లక్షల డాలర్లతో సెటిల్ చేసుకున్నారు.

మన దేశంలో కలకలం రేపిన కేసు మాత్రం ఇంకోరకం. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆస్పత్రి సీసీటీవీ దృశ్యాలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ‘అడ్మిన్123’ లాంటి పాస్‌వర్డులను మార్చకపోవడం వల్లే నిందితులు లోపలికి వెళ్లగలిగారని దర్యాప్తు వివరాల్లో బయటపడింది. ఇందులో సర్వర్ల తికమక ఏమీ లేదు. తాళం వేయకుండా వదిలేసిన తలుపు అది.

‘వర్క్స్ విత్ అలెక్సా’ అంటే ఎంతవరకు?

కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ లేబుల్ దగ్గరే. మోసం అనడం కూడా కరెక్ట్ కాదు, లేబుల్‌లో అబద్ధం ఉండదు. చాలా కెమెరాల్లో దాని అర్థం ‘అడిగితే ఎకో షో తెర మీద లైవ్ చూపిస్తాం’ అని మాత్రమే. మనిషి కదలిక కనిపించగానే లైటు వెలిగించాలంటే, కెమెరా ఆ కదలిక సమాచారాన్ని అలెక్సాకో గూగుల్ హోమ్‌కో అందించాలి. ఆ పని చేయని మోడళ్లు బోలెడు. కొన్ని కంపెనీలు ఆ సౌకర్యాన్ని తమ సొంత బల్బులు, సొంత ప్లగ్గుల వరకే ఇస్తాయి. అప్పుడు కెమెరా ఒక యాప్‌లో, లైట్లు ఇంకో యాప్‌లో, తాళం మూడో యాప్‌లో మిగిలిపోతాయి.

తెలుసుకోవడానికి చిన్న దారి ఉంది. కెమెరా పెట్టగానే గూగుల్ హోమ్‌లోనో అలెక్సా యాప్‌లోనో కొత్త ఆటోమేషన్ లేదా రొటీన్ తయారుచేసి చూడాలి. ‘ఇది జరిగితే’ అని అడిగేచోట జాబితాలో ఈ కెమెరా పేరు, దాని కింద కదలిక లేదా మనిషి గుర్తింపు కనిపించాలి. కనిపించకపోతే ఆ కెమెరా తెర మీద బొమ్మ చూపించడం వరకే పనికొస్తుంది. మనిషిని, కుక్కను వేరు చేసి చెప్పే సౌకర్యం ఉచితమా, నెలవారీ ప్లాన్‌లో భాగమా అన్నదీ అప్పుడే చూసుకోవాలి. గాలికి చెట్టు కొమ్మ ఊగినా లైటు వెలుగుతుంటే నాలుగో రోజుకు ఇంట్లోవాళ్లే దాన్ని ఆపేస్తారు.

ఈ గందరగోళానికి పరిష్కారంగా చెబుతున్నది మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం. ఆపిల్, గూగుల్, అమెజాన్ అన్నీ ఇందులో ఉన్నాయి. 2022 అక్టోబరులో మొదటి వెర్షన్ వచ్చినప్పుడు బల్బులు, ప్లగ్గులు, తాళాలు ఉన్నాయి గానీ కెమెరాలు లేవు. 2025 నవంబరులో వచ్చిన 1.5 వెర్షన్‌లో కెమెరాలను చేర్చారు. అయితే ప్రమాణం వచ్చినంత మాత్రాన ఇప్పటికే గోడకున్న కెమెరా మారిపోదు. కెమెరా కంపెనీ అప్‌డేట్ ఇవ్వాలి, అవతల ప్లాట్‌ఫామ్ కూడా దాన్ని తీసుకోవాలి. ‘త్వరలో మ్యాటర్ సపోర్ట్’ అని రాసి ఉన్నా, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఈరోజు ఏం పనిచేస్తుందో చూసుకుని కొనడమే తెలివైన పని.

తాళం సంగతి వేరే చెప్పుకోవాలి. కెమెరా చూసి లైటు వెలగడం, సైరన్ మోగడం, ఫోన్‌కి మెసేజ్ రావడం వరకు సరే. పొరపాటున లైటు వెలిగితే పోయేదేమీ లేదు. కెమెరా ముఖం గుర్తుపట్టి తలుపు తీసేలా మాత్రం పెట్టకపోవడమే మేలు.

ఇంట్లోనే రికార్డింగ్.. కానీ నిజంగానా?

వీడియో బయటకు పోకూడదంటే ఇంట్లోనే రికార్డయ్యే సిస్టమ్ తీసుకోవాలి. మెమరీ కార్డు, ఎన్‌వీఆర్ బాక్సు, లేదా ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక చిన్న కంప్యూటర్.. ఏదైనా సరే. స్పెసిఫికేషన్లలో ఆన్‌విఫ్, ఆర్‌టీఎస్‌పీ అనే రెండు మాటల కోసం వెతకాలి. ఇవి ఉంటే కెమెరా ఒక కంపెనీదైనా రికార్డర్ ఇంకో కంపెనీది పెట్టుకోవచ్చు. హోమ్ అసిస్టెంట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిపితే కదలిక చూడటం, లైటు వేయడం అంతా ఇంట్లోనే జరిగిపోతుంది. రేపు కంపెనీ మూతపడినా, యాప్‌కి డబ్బులు అడిగినా కెమెరా పనిచేస్తూనే ఉంటుంది. అయితే దీన్ని కూర్చుని సెట్ చేసుకోవడానికి కాస్త ఓపిక, కంప్యూటర్ పరిజ్ఞానం ఉండాలి. అమ్మానాన్నల ఇంట్లో పెట్టేసి డాలస్ నుంచి ఫోన్‌లో ‘ఆ వైరు తీసి ఈ పక్క పెట్టు’ అని చెబితే అయ్యే పని కాదు.

ఐఫోన్ వాడేవాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది. ఆపిల్ హోమ్‌కిట్ సెక్యూర్ వీడియోలో మనిషినా, జంతువునా అని చూసే పని ఇంట్లో ఉన్న హోమ్‌పాడ్ లేదా ఆపిల్ టీవీలోనే జరుగుతుంది. ఆ తర్వాత ఎన్‌క్రిప్ట్ చేసిన వీడియో ఐక్లౌడ్‌కి వెళ్తుంది, 10 రోజులు ఉంటుంది. 50 జీబీ ఐక్లౌడ్ ప్లాన్‌తో ఒక కెమెరా, 200 జీబీ ప్లాన్‌తో ఐదు కెమెరాల వరకు పెట్టుకోవచ్చు. దీంతో పనిచేసే కెమెరా మోడళ్లు తక్కువ, ఆ హబ్ ఖర్చు అదనం.

‘అంతా లోకల్’ అన్న మాటను కూడా గుడ్డిగా నమ్మకూడదని 2022 నవంబరులో తేలింది. వీడియో ఇంటి దాటి బయటకు పోదని ప్రచారం చేసుకున్న యూఫీ కెమెరాల నుంచి నోటిఫికేషన్ల కోసం చిన్న బొమ్మలు క్లౌడ్‌కి వెళ్తున్నాయని ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. కంపెనీ ఆ తర్వాత తన ప్రచారంలో మాటలు మార్చుకోవాల్సి వచ్చింది.

కరెంటు పోతే?

ఇంటికి ఇన్వర్టర్ ఉన్నా రౌటర్, ఫైబర్ బాక్సు దానికి కలిపి ఉండవు చాలా ఇళ్లలో. కరెంటు పోగానే నెట్ పోతుంది, నెట్ పోగానే క్లౌడ్ మీద బతికే కెమెరా గుడ్డిదైపోతుంది. కెమెరాతో పాటు రౌటర్‌కీ ఒక మినీ యూపీఎస్ పెట్టడం ఖరీదైన కెమెరా కొనడం కంటే ఎక్కువ ఉపయోగం. తక్కువ ధర కెమెరాల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే నడుస్తాయి. గేటు దగ్గర ఆ సిగ్నల్ వస్తుందో లేదో ముందే ఫోన్‌తో చూసుకోవాలి.

లెక్క కూడా వేసుకోవాలి. 1080పీ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఆగకుండా రికార్డు చేస్తే రోజుకు దాదాపు 21 నుంచి 22 జీబీ అవుతుంది. అంటే 128 జీబీ కార్డులో ఐదారు రోజులే నిలుస్తుంది, ఆ తర్వాత పాతది చెరిగిపోతుంది. నాలుగు కెమెరాలుంటే 1 టీబీ హార్డ్ డిస్క్‌కి 11 రోజులు. పండక్కి పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి మొదటి రోజు జరిగింది కార్డులో ఉండకపోవచ్చు. పొలం దగ్గరో, కట్టుబడి జరుగుతున్న ఇంటి దగ్గరో సిమ్ కెమెరా పెట్టేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అదే క్వాలిటీలో లైవ్ చూస్తూ కూర్చుంటే రోజుకు 2 జీబీ ప్యాక్ రెండు గంటలు దాటగానే అయిపోతుంది. ఇక దొంగ వెళ్తూ వెళ్తూ కెమెరానే పీకేస్తే కార్డు కూడా దాంతోనే పోతుంది కాబట్టి, కదలిక వచ్చినప్పటి చిన్న క్లిప్పులైనా ఇంకోచోట దాచుకునే ఏర్పాటు ఉండాలి.

కొత్త రూల్ ఏం చూస్తుంది, ఏం చూడదు

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సీసీటీవీ కెమెరాల సైబర్ భద్రతపై 2024 ఏప్రిల్ 9న నోటిఫికేషన్ ఇచ్చింది. గడువు పొడిగించాక 2025 ఏప్రిల్ 9 నుంచి అది అమల్లోకి వచ్చింది. కెమెరా హార్డ్‌వేర్, లోపలి సాఫ్ట్‌వేర్, విడిభాగాలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది.. ఇవన్నీ గుర్తింపు పొందిన ల్యాబ్‌లో పరీక్షించాకే బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. బాక్సు మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొడితే నిజమైనదో కాదో తెలిసిపోతుంది. పేరు ఎప్పుడూ వినని బ్రాండ్ సగం ధరకే వస్తుంటే ముందు చేయాల్సిన పని ఇదే.

ఇది మంచి అడుగే. కానీ ఈ పరీక్ష ప్రధానంగా పరికరానికే. ఇప్పటికే గోడకున్న పాత కెమెరాలు దీంతో బాగుపడవు. ఓనర్ పెట్టుకునే పాస్‌వర్డ్‌కీ ఇందులో పరీక్ష ఉండదు. కెమెరాలు బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ తన ఫోన్‌లో లాగిన్ అయి, తనకు తోచిన పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోయే అలవాటుకు ఏ సర్టిఫికెట్టూ అడ్డు కాదు. అతను గుమ్మం దాటకముందే పాస్‌వర్డ్ మార్చుకుని, రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేసుకోవాలి. ఒకే లాగిన్‌ను అన్నయ్య, చెల్లి, బావ అందరూ వాట్సాప్‌లో పంచుకునే బదులు యాప్‌లో ఉండే షేర్ ఆప్షన్‌తో ఎవరికి వారికి ఇస్తే, వద్దనుకున్నప్పుడు ఒక్కరిని తీసేయొచ్చు.

అమ్మానాన్నలకు చెప్పారా?

విదేశాల్లో ఉన్న పిల్లలు హాల్లో కెమెరా పెట్టించడం ప్రేమతోనే. అయినా ఆ కెమెరా ముందు రోజంతా బతకాల్సింది పెద్దవాళ్లు, ఇంట్లో పనికొచ్చేవాళ్లు. 2025లో కోల్‌కతాకు చెందిన అన్నదమ్ముల కేసులో, కలిసి ఉంటున్న ఇంట్లో నివాస భాగంలో మిగతావాళ్ల అనుమతి లేకుండా కెమెరాలు పెట్టి నడపకూడదని కలకత్తా హైకోర్టు చెప్పింది. దానిపై వెళ్లిన అప్పీలును సుప్రీంకోర్టు కొట్టేసింది. అన్నదమ్ముల వాటాల గొడవలు కోర్టుల దాకా వెళ్లడం మనకేం కొత్త కాదు కాబట్టి ఈ తీర్పు తెలుగు ఇళ్లకూ బాగానే పనికొస్తుంది.

స్మార్ట్ హోమ్ ఆటోమేషన్ నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. ఇంట్లోవాళ్లు ఉన్నప్పుడు లోపలి కెమెరా దానంతటదే ఆగిపోయి, అందరూ బయటకు వెళ్లి తలుపు తాళం పడగానే మళ్లీ మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. కొన్ని కెమెరాలు లెన్స్‌నే లోపలికి తిప్పేసుకుంటాయి, కాబట్టి చూడట్లేదన్న సంగతి పెద్దవాళ్లకు కంటికి కనిపిస్తుంది. పడిపోతారేమో అన్న భయమే అసలు కారణమైతే బాత్రూమ్ తలుపుకో, ఫ్రిజ్ తలుపుకో పెట్టే చిన్న సెన్సర్ కూడా ఆ పని చేస్తుంది. పొద్దున తొమ్మిదైనా ఫ్రిజ్ తెరుచుకోకపోతే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, వీడియో అక్కర్లేదు.

ఏడాదికి ఒక్క వారం ఊరెళ్లేవాళ్లయితే అసలు కొనాలా అని కూడా ఆలోచించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్ఎంఎస్ యాప్‌లో ముందుగా రిక్వెస్ట్ పెడితే, తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా పెట్టి నిఘా చూసుకుంటారు. తమ ప్రాంతంలో ఇప్పుడు అందుబాటులో ఉందో లేదో స్థానిక స్టేషన్‌లో కనుక్కుంటే సరిపోతుంది.

కొన్నవాళ్లు మాత్రం రిటర్న్ గడువు ముగిసేలోపు ఒక పని చేయాలి. రౌటర్‌ను అలాగే ఆన్‌లో ఉంచి, దానికి బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ వైరు ఒక్కటి తీసేసి, గేటు ముందు అటూ ఇటూ నడిచి చూడాలి. లైటు వెలిగిందా, కార్డులో రికార్డయిందా, ఇంట్లో ఉన్న ఫోన్‌లో లైవ్ కనిపించిందా? మూడింటికీ ‘లేదు’ అనే జవాబు వస్తే ఆ కెమెరా పూర్తిగా కంపెనీ సర్వర్ మీదే ఆధారపడి నడుస్తోందని అర్థం. ఉంచుకోవాలా, వెనక్కి పంపాలా అన్నది ఆ జవాబును బట్టి తేల్చుకోవచ్చు.